పదకొండులో రెండు

అక్టోబరు వచ్చిందంటే లోర్నా విటాసెక్‌కి లోకం మీద విసుగు మొదలవుతుంది. మిగతా నెలల్లో ఆవిడ మంచి మనిషే. హోలుబ్ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా, ఎవరు ట్రాక్టరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నా, ఆప్రికాట్ గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెలు పళ్ళెం నిండా కాల్చి పట్టుకెళ్తుంది. అక్టోబరులో మాత్రం పన్నెండో తరగతి పిల్లలు కాలేజీలకి దరఖాస్తులు పెడతారు. వాళ్ళందరికీ దారి చూపించాల్సిన కౌన్సెలర్ ఆ బడి మొత్తానికీ ఆవిడ ఒక్కతే. ఆ నెలంతా ఆవిడ వంటింట్లోకి వస్తే భర్త మెర్ల్ గరాజ్‌లోకి తప్పుకుంటాడు.

కౌన్సెలర్ అంటే గదిలో కూర్చుని నాలుగు మంచిమాటలు చెప్పే ఉద్యోగం అనుకునేరు. ఏ పిల్ల ఏ క్లాసులో కూర్చోవాలో పట్టిక వెయ్యాలి. రాష్ట్రం వాళ్ళ పరీక్ష పేపర్లు లెక్కపెట్టి బీరువాలో తాళం వెయ్యాలి. బాత్రూములో తలుపేసుకుని ఏడుస్తున్న పిల్లని బయటికి రప్పించాలి. సాయంత్రం బస్సుల దగ్గర నిలబడి, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారో లేదో చూడాలి. బుధవారం భోజనాల గదిలో కాపలా కూడా ఆవిడదే, ఎందుకంటే ఆ రోజు ఫుట్‌బాల్ కోచ్‌కి వేరే పని ఉంటుందట. ఆ వేరే పని ఏమిటో పదేళ్ళుగా ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఆవిడ చదివింది ఈ పనికి కాదు. పద్నాలుగేళ్ళు అదే బళ్ళో కుట్లూ వంటా నేర్పింది. పాత కౌన్సెలర్ ఊరు వదిలి వెళ్ళిపోయాక, "నువ్వు పిల్లలతో బాగా మాట్లాడతావు కదా" అని అప్పటి ప్రిన్సిపాల్ ఆ కుర్చీ చూపించాడు. వేసవి సెలవుల్లో రెండేళ్ళు చదివి సర్టిఫికెట్ తెచ్చుకుని ఆవిడ అందులో కూర్చుంది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. ఇంకో మూడేళ్ళలో రిటైర్ అవుతుంది.

ఆ అక్టోబరులో ఆవిడ ప్రాణం తీసిన పిల్ల పేరు టియర్నీ కౌబా. తలుపు కొట్టడం, లోపలికి రావడం, కుర్చీలో కూలబడడం మూడూ ఒకేసారి చేసే పిల్ల.

"మిసెస్ విటాసెక్, నా ఛాన్సు పన్నెండు శాతమట."

"ఎవరన్నారు?"

"ఇంటర్నెట్‌లో."

"ఇంటర్నెట్‌లో ఎవరు?"

"పేరు లేదు. గుడ్లగూబ బొమ్మ ఉంది."

లోర్నా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. పిల్లలు తమ మార్కులన్నీ ముక్కూమొహం తెలియని వాళ్ళ ముందు కుప్పబోసి, నాకు సీటొస్తుందా రాదా చెప్పండి బాబూ అని అడుక్కోవడం ఆవిడకి కొత్త కాదు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు మండుతుంది.

"ఆ గుడ్లగూబ యూనివర్సిటీలో పనిచేస్తోందా?"

"ఏమో. కానీ వివరంగా రాసింది. తొమ్మిదో తరగతి మార్కులు ఘోరమంది. అడ్వాన్స్‌డ్ క్లాసులు రెండేనా అని నవ్వుమొహం పెట్టింది."

అడ్వాన్స్‌డ్ క్లాసులంటే బళ్ళోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పేవి. ఘోరమన్న మాట మాత్రం అబద్ధం కాదు. తొమ్మిదిలో నాలుగు సీ గ్రేడులు, ఇంగ్లీషులో ఒక డీ. పదిలో అన్నీ బీలు. పదకొండులో ఒక్కటి మినహా అన్నీ ఏలు. ఊరి బయట వంతెన వరదకి కొట్టుకుపోయి, బస్సు చుట్టూ తిరిగి నలభై నిమిషాలు ఎక్కువ పట్టినప్పటి నుంచి ఈ పిల్లకి వంతెనలు కట్టాలని పట్టుదల. దానికి రాష్ట్ర యూనివర్సిటీలో ఇంజినీరింగ్ కావాలి. ఆ ఒక్క కోర్సుకి మాత్రం పోటీ ఎక్కువ. వేరే దూరాభారపు కాలేజీలకి పంపే శక్తి ఇంట్లో లేదు. వస్తే ఇక్కడ రావాలి, లేకపోతే లేదు.

"సరే, తొమ్మిదో తరగతి సంగతి నువ్వే రాయాలి. దరఖాస్తులో దానికి చోటుంది. రాశావా?"

"రాశాను" అని టియర్నీ కాగితం ముందుకు తోసింది.

లోర్నా చదివింది. మొదటి వాక్యం దగ్గరే ఆగింది. 'తొమ్మిదో తరగతి చలికాలంలో నా ప్రాణానికి ప్రాణమైన నాయనమ్మ ఆర్డిత్ నన్ను ఒంటరిని చేసి శాశ్వతంగా వెళ్ళిపోయింది.'

"టియర్నీ."

"చెప్పండి."

"మీ నాయనమ్మ ఇవాళ పొద్దున్న పార్కింగ్ దగ్గర నాతో పోట్లాడింది."

"పేరు మారుస్తాను."

"ఎవరి పేరు? పోయినావిడ పేరా?"

"ఏదో ఒక కారణం ఉండాలట మిసెస్ విటాసెక్. జబ్బో, చావో, విడాకులో. నాకు జబ్బు లేదు. మా అమ్మా నాన్నా విడిపోయేలా లేరు. ఇంక మిగిలింది నాయనమ్మే."

"ఆవిడ మన బళ్ళోనే వంట చేస్తోంది! ఇవాళ చిల్లీ కూర, దాల్చినచెక్క రొట్టె. ఇంకో గంటలో నీకే వడ్డిస్తుంది. ఈ మాట యూనివర్సిటీ వాళ్ళు ఫోన్ చేసి అడిగితే నేనేం చెప్పాలి, తిరిగొచ్చిందనా?"

హోలుబ్‌లో గోడలకి చెవులు, ఆ చెవులకి కాళ్ళు కూడా ఉంటాయి. గంట కాకముందే ఆర్డిత్ కౌబా తలకి వల కట్టుకుని, ఏప్రన్‌తోనే గుమ్మంలో ప్రత్యక్షమైంది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. చేతిలో గరిటె అలాగే ఉంది.

"నన్ను ఏ తారీఖున పూడ్చారో చెప్తే నేనూ వచ్చి ఏడుస్తాను."

"నాయనమ్మా, అది కథ లాంటిది..."

"భోజనాల్లో ఏం పెట్టారు? అందరి చావులకీ పెట్టే హామ్ శాండ్‌విచ్‌లేనా? నా చావుకి కూడా హామేనా?"

"ఆర్డిత్, అది చింపేశాం" అంది లోర్నా.

"మంచిపని చేశావు. ఇదిగో పిల్లా, నీకు తొమ్మిదిలో ఏం రోగమొచ్చిందో నాకు తెలుసు. హోంవర్క్ చేసి, బ్యాగులో పెట్టుకుని తిరిగావు. ఇవ్వమంటే, పరీక్షలో రాస్తున్నాగా మళ్ళీ ఇదెందుకు అని వాదించావు. ఇవ్వనిదానికల్లా సున్నాలు పెట్టారు. అది పొగరు. పొగరుకి స్పెల్లింగ్ రాకపోతే మీ తాతనడుగు, ఆయనకి బాగా వచ్చు."

ఆవిడ వెళ్ళాక గదిలో దాల్చినచెక్క వాసన మిగిలింది. టియర్నీ తర్వాత పెన్ను అడిగి తీసుకుని మూడు వాక్యాలు రాసింది. తొమ్మిదో తరగతిలో హోంవర్క్ చేశాను కానీ ఇవ్వలేదు, నాకు అవసరం లేదనుకున్నాను. అది నా తెలివితక్కువతనం, ఎవరూ చనిపోలేదు. పదో తరగతి నుంచి ఒక్కటి కూడా ఆపకుండా ఇచ్చాను.

లోర్నాకి ఆ మూడు వాక్యాలు ఎంత నచ్చాయంటే, ఒక్క అక్షరం కూడా దిద్దలేదు. ఇరవై ఏళ్ళలో ఎన్నో ఏడుపు వ్యాసాలు చదివింది, కానీ పద్నాలుగేళ్ళప్పుడు నేను మూర్ఖురాలిని అని ఒప్పుకున్న పిల్లని చూడడం ఇదే మొదలు. ఆ ఉత్సాహంలోనే కౌన్సెలర్ నింపాల్సిన ఫారం తీసింది. అందులో ఒక ప్రశ్న ఉంటుంది. మీ బళ్ళో దొరికే క్లాసులతో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్నవి ఎంత కఠినం? ఐదు గళ్ళు. లోర్నా అన్నిటికంటే పైదానికి టిక్కు పెట్టింది. మార్కుల పట్టికా, బడి గురించి రెండు పేజీల పరిచయపత్రమూ జతచేసి పంపేసింది. ఆ పరిచయపత్రం ఎవరి దరఖాస్తుతోనైనా వెళ్ళేదే. కాలేజీ వాళ్ళకి హోలుబ్ ఎక్కడుందో, బళ్ళో ఏమేం చెప్తారో తెలియాలి కదా.

డిసెంబరు రెండో వారంలో జవాబొచ్చింది. సీటు ఇచ్చామనీ లేదు, ఇవ్వమనీ లేదు. వాయిదా. సగం సంవత్సరం మార్కులు వచ్చాక మళ్ళీ చూస్తాం అన్నారు.

టియర్నీ ఏడవలేదు. "గుడ్లగూబ చెప్పిందే నిజమైంది" అని మాత్రం అని, బస్సెక్కింది. లోర్నాకి మాత్రం కోపం నషాళానికంటింది. ఆ ఉత్తరాన్ని ఇంటికి తీసుకెళ్ళి మెర్ల్‌కి రెండుసార్లు చదివి వినిపించింది. ఆయన ముప్పై ఏళ్ళు కౌంటీ రోడ్ల మీద మట్టి చదును చేసే గ్రేడరు నడిపిన మనిషి, దేనికీ తొందరపడడు. "మరి ఫోన్ చేసి అడక్కపోయావా" అన్నాడు. భర్త చెప్పేలోపే ఆ ఆలోచన తనకి రానందుకు ఆవిడకి ఆయన మీద కూడా కోపమొచ్చింది.

మర్నాడు ఫోన్ చేసింది. ఆ ప్రాంతం దరఖాస్తులు చదివే ఆవిడ దొరికింది. గొంతు బట్టి చిన్నపిల్లే. మర్యాదగానే మాట్లాడింది.

"ఆ అమ్మాయి రాసిన మూడు వాక్యాలు మా గదిలో అందరం చదువుకున్నామండీ. తొమ్మిదో తరగతి మాకసలు సమస్యే కాదు. మార్కులు ఎలా పెరిగాయో కనిపిస్తోంది."

"మరి ఏమిటి సమస్య?"

"అడ్వాన్స్‌డ్ క్లాసులు. మీ బళ్ళో పదకొండు ఉంటే రెండే తీసుకుంది. ఫిజిక్స్ తీసుకోలేదు, కెమిస్ట్రీ తీసుకోలేదు. ఇంజినీరింగ్ అడుగుతూ అవి వదిలేస్తే, కష్టమైనవి తప్పించుకుందేమో అనుకుంటాం కదా."

"పదకొండేమిటి? మా దగ్గర ఉన్నవే రెండు!"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "మీ పరిచయపత్రంలో పదకొండు రాసుందండీ. మీరేమో అన్నిటికంటే కఠినం అని టిక్కు పెట్టారు. రెండూ మీ దగ్గర్నుంచే వచ్చాయి. మేం దేన్ని నమ్మాలి?"

లోర్నా ఫోన్ పెట్టేసి కంప్యూటర్లో పరిచయపత్రం తెరిచింది. ఒకటో పేజీలో బడి బొమ్మ, ఫుట్‌బాల్ జట్టు. రెండో పేజీలో పెద్దక్షరాలతో 'మేము అందించే అడ్వాన్స్‌డ్ క్లాసులు'. లెక్కపెట్టింది. పదకొండే. అందులో సంగీత సిద్ధాంతం కూడా ఉంది. హోలుబ్ బళ్ళో సంగీతం టీచరు వారానికి రెండు పూటలు వస్తాడు, అదీ మంచు లేకపోతే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం.

ఆవిడ ఆ రెండు పేజీలూ అచ్చువేసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ లెలాండ్ స్టెహ్లిక్ ఒకప్పుడు ఆవిడ దగ్గర కుట్టుపని నేర్చుకున్న కుర్రాడే. ఇప్పుడు బడి రంగులున్న కోటు వేసుకుని బడికి వంక పెట్టినవాళ్ళ మీద విరుచుకుపడతాడు.

"ఇదేమిటి లెలాండ్? రెండు క్లాసులు పెట్టుకుని పదకొండని ఊరూరా చాటుతున్నామా? పేరు గొప్ప ఊరు దిబ్బ."

"అవి మన కోర్సుల పుస్తకంలో ఉన్నాయి లోర్నా. బడి బోర్డు ఆమోదించినవే. మనం అందిస్తున్నాం. పిల్లలు చేరట్లేదు, అంతే."

"చేరట్లేదా? ప్రతి వసంతంలో పిల్లలు వచ్చే ఏడాదికి కావలసిన క్లాసుల పేర్లు గులాబీ కార్డుల మీద రాసిస్తారు. ఐదుగురో ఆరుగురో అవుతారు. పదిమంది లేకపోతే క్లాసు పెట్టం అని నువ్వే కదా కొట్టేస్తావు!"

"పదిమంది లేకుండా టీచర్ని ఎక్కడ్నించి తేను?"

"తేవొద్దు. లేదని రాయి, చాలు."

లెలాండ్ లేచి తలుపు మూశాడు. "మీకు తెలియనిదేముంది? ఇరవై రెండు మైళ్ళ అవతల పెద్ద బడి మన పిల్లల కోసం కాచుక్కూర్చుంది. ఈ ఏడాది ఇప్పటికే ఆరుగురు అటు పోయారు. మన దగ్గర రెండే అని కాగితం మీద రాస్తే, ఇంకో పదిమంది తల్లిదండ్రులు ఆగస్టులో బండి అటు తిప్పుతారు. అప్పుడు రెండు కూడా ఉండవు. బడే ఉండదు. ఫిబ్రవరి మీటింగులో బోర్డు ముందు పెడతాను. అప్పటిదాకా ఆగండి."

"ఫిబ్రవరా? సగం సంవత్సరం కాగితాలు జనవరి ఇరవైలోపు వెళ్ళాలి. టియర్నీ సంగతేమిటి?"

"ఒక్క పిల్ల కోసం బడి పరువు తియ్యమంటారా?"

"పరువు కోసం ఒక్కో పిల్ల ఉసురు తీస్తున్నావు నువ్వు. ఇంత అబద్ధాన్ని ఏ మహానుభావుడు రాశాడో కానీ..."

లెలాండ్ కాగితం కింది అంచు మీద వేలు పెట్టాడు. చిన్న అక్షరాలతో 'తయారుచేసినది: ఎల్. విటాసెక్' అని ఉంది.

లోర్నా తన గదికి వచ్చి, కంప్యూటర్లో ఆ కాగితం ఎప్పుడు పుట్టిందో చూసింది. తొమ్మిదేళ్ళ కిందటి ఆగస్టు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది బడికి కుర్రటీచర్లు ముగ్గురు కొత్తగా వచ్చారు. నాలుగు అడ్వాన్స్‌డ్ క్లాసులు నిజంగానే నడిచాయి. మిగతా ఏడూ ఒక్కొక్కటిగా మొదలుపెడతామని బోర్డు తీర్మానం చేసింది. రాబోయేవి కదా అని, సంతోషంగా, తనే మధ్యాహ్నం కూర్చుని పదకొండూ టైపు చేసింది. రెండేళ్ళలో ఆ ముగ్గురు టీచర్లూ వెళ్ళిపోయారు. కాగితం మాత్రం ఉండిపోయింది. ప్రతి ఆగస్టులోనూ ఆవిడ దాన్ని తెరిచి, పైన సంవత్సరం అంకె ఒక్కటి మార్చి, మూసేసింది. రెండో పేజీ చదవలేదు.

అన్నిటికంటే చెప్పలేని సంగతి ఇంకోటుంది. గులాబీ కార్డుల మీద క్లాసు పేరు పక్కన 'రద్దు' అని ముద్ర కొట్టేది ఆవిడే. మేలో తన చేత్తో లేదని ముద్ర కొట్టి, ఆగస్టులో అదే చేత్తో ఉందని లోకానికి చెప్పింది. లెలాండ్‌ని తిట్టిన తిట్లన్నీ వచ్చి తన ఒళ్ళో పడ్డాయి.

టియర్నీని పిలిచి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు పిలిచి, మార్కుల గురించి ఏదో అడిగి పంపేసింది. మూడోసారి చెప్పేసింది. ఏదీ దాచలేదు. రెండు పేజీలూ, టియర్నీ మూడేళ్ళ గులాబీ కార్డులూ బల్ల మీద పరిచింది. ఫిజిక్స్, రద్దు. కెమిస్ట్రీ, రద్దు. కంప్యూటర్ సైన్స్, రద్దు. ఇంగ్లీషు, రద్దు. ఏడు ముద్రలున్నాయి.

పిల్ల వాటిని ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"అంటే మీరు పంపిన కాగితం చూసి, నేను కష్టం తప్పించుకున్నాననుకున్నారు వాళ్ళు."

"అవును."

"మీరది చదవలేదా?"

"లేదు."

"తొమ్మిదేళ్ళూ?"

"తొమ్మిదేళ్ళూ."

టియర్నీ మొహం ఎర్రబడింది. "నేను హోంవర్క్ ఇవ్వకపోతే సున్నాలు పెట్టారు మిసెస్ విటాసెక్. అవి ఇప్పటికీ నా వెంట వస్తున్నాయి. మీకెవరు పెడతారు?"

"ఇప్పుడు నేనే పెట్టుకుంటాను" అని, లోర్నా కంప్యూటర్ తన వైపు తిప్పుకుంది.

ఆ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో 'కార్యాలయ పొరపాటు' అని ఉంది. చదువుకుంటే ఆ పిల్ల నాయనమ్మని చంపిన వ్యాసంలాగే అనిపించి చెరిపేసింది. రెండోసారి బోర్డునీ, టీచర్ల కొరతనీ, పక్క బడినీ తెచ్చి తిలా పాపం తలా పిడికెడు పంచింది. అదీ చెరిపేసింది. చివరికి మిగిలింది ఇంతే. మా బళ్ళో నడిచే అడ్వాన్స్‌డ్ క్లాసులు రెండు. టియర్నీ కౌబా రెండూ తీసుకుంది. ఇంకో ఏడింటికి పేరిచ్చింది, మేం పెట్టలేదు, కార్డుల నకళ్ళు జతచేశాను. పదకొండు అని రాసింది నేను, తొమ్మిదేళ్ళు చూడకుండా పంపింది నేను. బడి పేరున్న కాగితం మీద అచ్చువేసి, కింద పూర్తి పేరు రాసింది.

లెలాండ్‌కి ఒక నకలు ఇచ్చింది. అతను చదివి తల పట్టుకున్నాడు.

"ఇది పంపితే ఫిబ్రవరిలో బోర్డు ముందు నిలబడేది మీరే. నేను మిమ్మల్ని కాపాడలేను."

"పంపేశాను."

"నాకు చూపించకుండానే?"

"నీకు చూపిస్తే ఫిబ్రవరి దాకా ఆగమంటావు. ఇన్నేళ్ళు ఆగింది చాలు."

ఫిబ్రవరిలో బోర్డు ముందు ఆవిడ నిలబడింది. భోజనాల గదిలో మడత కుర్చీలు వేసి నడిపే ఆ మీటింగుకి మామూలుగా నలుగురు వస్తారు. ఆ రోజు నలభైమంది వచ్చారు. పరువు తీశావని ఇద్దరు తిట్టారు. మా వాడిని పెద్ద బడికి మారుస్తామని ఒకాయన లేచాడు. వంటగది కిటికీలోంచి ఆర్డిత్ గట్టిగా, "మార్చుకో హెన్రీ, నీ కొడుక్కి అక్కడా లెక్కలు రావు" అంది. చివరికి లోర్నా ఫైల్లో హెచ్చరిక ఉత్తరం ఒకటి పెట్టాలనీ, పరిచయపత్రం ప్రతి ఏడూ ఇద్దరు చదివి సంతకం పెట్టాలనీ తీర్మానించారు. పదకొండు కొట్టేసి రెండు రాశారు. ముప్పై ఏళ్ళకి పైగా ఆ బళ్ళో పనిచేసిన మనిషికి అది మొదటి హెచ్చరిక. ఇంటికొచ్చి మెర్ల్‌కి చెప్తే, ఆయన సూప్ గిన్నె ముందుకు జరిపి, "తప్పు నీదే కదా మరి" అన్నాడు. ఓదార్చనందుకు కోపమొచ్చింది కానీ, అబద్ధం చెప్పనందుకు ఆ సూప్ తాగింది.

మార్చి మూడో వారంలో ఒక సోమవారం, రెండో పీరియడ్ మధ్యలో టియర్నీ తలుపు కొట్టకుండా వచ్చేసింది. ఫోను లోర్నా మొహానికి ఆనించినంత దగ్గరగా పెట్టింది. ఇంజినీరింగ్. సీటు ఇచ్చారు. లోర్నా ఫోను కాస్త దూరం జరిపి మళ్ళీ చదివి, ఆ పిల్లని కావలించుకుని ఏడ్చేసింది. టియర్నీ కూడా ఏడ్చి, ముక్కు చీది, వంటగదికి పరిగెత్తింది. రెండు నిమిషాల్లో అక్కడ గిన్నెలు కింద పడ్డ చప్పుడు నడవా చివరిదాకా వినిపించింది.

ఆ సంతోషం లోర్నాకి మధ్యాహ్నం దాకా నిలిచింది. భోజనం చేస్తూ ఉంటే మిగతావాళ్ళు గుర్తొచ్చారు. టియర్నీ ఒక్కతే అయితే ఒక్క ఉత్తరంతో తీరిపోయేది. ఆ కాగితం తొమ్మిదేళ్ళు వెళ్ళింది. సీటు రానివాళ్ళు ఇదే కుర్చీలో కూర్చున్నప్పుడు తను ఏం చెప్పిందో గుర్తుంది. కష్టమైన క్లాసులు తీసుకోవాల్సింది నాన్నా, అని చెప్పింది. అందరికీ అదే చెప్పింది, ప్రేమగా, భుజం తట్టి మరీ చెప్పింది.

ఆవిడ కింది అంతస్తులోని సామాన్ల గదికి వెళ్ళి పాత కార్డుల పెట్టెలు దించింది. సాయంత్రానికి రద్దు ముద్రలుండీ సీటు రాని ముప్పై నాలుగు పేర్లు తేలాయి. అందరికంటే ముందు డేన్ సెడ్లాచెక్ కార్డు పక్కన పెట్టింది. ఆరేళ్ళ కిందటి పిల్లవాడు. అదే యూనివర్సిటీ, అదే ఇంజినీరింగ్ అడిగాడు, రాలేదు. ఆ తర్వాత ఇంకెక్కడా అడగలేదు. ఇప్పుడు రైతుల సహకార సంఘంలో టైర్లు మారుస్తాడు. మూడు రద్దు ముద్రలున్నాయి ఆ కార్డు మీద.

ఫోన్ చేసింది. వెనక గాలి మిషను మోగుతోంది.

"మిసెస్ విటాసెక్! మీ టైర్లు వచ్చాయి. గురువారం తీసుకురండి, ఎక్కించేస్తాను."

"టైర్ల కోసం కాదు డేన్. కొంచెం ఆ మిషను ఆపుతావా?"

మిషను ఆగింది. ఆవిడ చెప్పింది. పరిచయపత్రం, పదకొండు, రెండు, తన పేరు, అన్నీ చెప్పింది. ఫోన్ పెట్టేశాడేమో అనుకుంది.

"డేన్?"

"ఉన్నాను. నేను అడిగానా? ఫిజిక్స్ అడిగానా నిజంగా?"

"అడిగావు. కెమిస్ట్రీ కూడా. కార్డు నా చేతిలోనే ఉంది. నీ చేతిరాతే."

"మా నాన్న అడగలేదంటాడు. భయపడి వదిలేశావు, ఇప్పుడు సాకులు చెప్తున్నావు అంటాడు. మొదట్లో అడిగానని పోట్లాడేవాణ్ణి. తర్వాత తర్వాత నాకే అనుమానం వచ్చింది. ఇప్పుడెవరైనా అడిగితే, నేనే తీసుకోలేదు అని చెప్తున్నాను మిసెస్ విటాసెక్. అలాగే చెప్తున్నాను."

లోర్నా క్షమించమని అడగాలనుకుంది. ఆ మాట ఎంత చిన్నదో తెలిసి, సగంలో ఆగిపోయింది.

"ఆ కార్డు నాకిస్తారా?" అన్నాడు డేన్. "గురువారం టైర్లకి వచ్చినప్పుడు పట్టుకొచ్చినా చాలు. ఆయనకి చూపించాలి."

"గురువారం దాకా ఎందుకు?" అంది లోర్నా.

బస్సులు బయల్దేరే వేళైంది. వాటి దగ్గర నిలబడాల్సింది ఆవిడే. ఆ పని కోచ్‌ని చూసుకోమని చెప్పి, అతను ఏదో వేరే పని ఉందనేలోపే కోటు వేసుకుని, కార్డు లోపలి జేబులో పెట్టుకుని కారు దగ్గరికి నడిచింది.